వెళ్లిపోయే పిల్లలతో నిలిచే బృందం

భిలాయిలో పిల్లలను కూడగట్టి పాటలు పాడించాలనుకునేవారు మొదటి రోజే మనసులో పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. బాగా పాడే పిల్లలు మీ దగ్గర ఎక్కువ కాలం ఉండరు. ఎనిమిదో తరగతిలో చేరిన అమ్మాయి గొంతు కుదురుకుని, నలుగురిని వెంట నడిపించే స్థితికి వచ్చేసరికి పదకొండో తరగతి కోచింగ్ మొదలవుతుంది. ఆ తర్వాత కాలేజీ సీటు రాయ్‌పూర్‌లోనో, విశాఖలోనో, హైదరాబాద్‌లోనో వస్తుంది. నాన్న రిటైరయితే క్వార్టర్ ఖాళీ చేసి ఇంటిల్లిపాదీ శ్రీకాకుళానికో విజయనగరానికో తరలిపోవచ్చు.

ఇది ఈ ఊరి పుట్టుకలోనే ఉంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఇక్కడి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సెక్టార్ల వారీగా వెలసిన క్వార్టర్లలో దేశం నలుమూలల మనుషులూ చేరారు. వారిలో తెలుగువాళ్లు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు, పెద్ద సంఖ్యలో ఉన్నారు. సెక్టార్ 5 బాలాజీ మందిరం, ఆంధ్ర సాహిత్య సమితి, తెలుగులో ప్రార్థనలు జరిగే చర్చిలు, వినాయక చవితి పందిళ్లు, సంక్రాంతి కార్యక్రమాలు ఇవన్నీ వాళ్లు కట్టుకున్నవే. పిల్లలు పాడటానికి చోటుకూ సందర్భానికీ కొరత లేదు. కొరతల్లా నిలకడకే. ఒకరిద్దరు ఉత్సాహవంతులు మొదలుపెడతారు, రెండు మూడేళ్లు బాగా నడుస్తుంది, వాళ్లకు బదిలీ అయినా ఒంట్లో బాగోకపోయినా బృందం ఆగిపోతుంది.

ఏటా గొంతులు మారిపోయే ఊళ్లో పాట నిలవాలంటే నడిపేవారు ఏం చేయాలి? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే. ఒక్క మాటలో చెప్పాలంటే, చేరిన ప్రతి పిల్లనూ పిల్లవాడినీ ఇంకొకరికి నేర్పగలిగేలా తయారుచేయండి. బృందం ఎంత బాగుందో తెలుసుకోవాలంటే వేదిక మీద వచ్చిన చప్పట్లు చూడకండి. మీరు రాలేని ఆదివారం సాధన జరిగిందో లేదో చూడండి.

ముందు నడిచినవాళ్లు

బృందగానం మన దేశంలో ఎలా నిలిచిందో చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. కలకత్తాలో 1958లో రూమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ క్వయర్‌ను స్థాపించారు. 1971లో మద్రాస్ యూత్ క్వయర్‌ను స్థాపించిన ఎం.బి. శ్రీనివాసన్ మన చిత్తూరులో 1925లో పుట్టినవారు. మలయాళ, తమిళ సినిమాలకు సంగీతం కూర్చారు. సినీ వాద్యకారుల శ్రమకు తగిన విలువ దక్కాలని వాళ్ల సంఘం కోసం పాటుపడ్డారు. బృందగానంలో ఆయన పట్టుదల ఏమిటంటే, మన రాగాల్లోనే బాణీ ఉండాలి, అదే సమయంలో వేర్వేరు గొంతులు వేర్వేరు వరుసలు పాడుతూ ఒకటిగా వినిపించాలి. సుబ్రహ్మణ్య భారతి కవితలను అలా పాడించారు. 1980లలో బడి పిల్లలకు సామూహిక గానం నేర్పే ప్రయత్నం దేశవ్యాప్తంగా జరిగినప్పుడు అందులోనూ ముందున్నారు. ఆ ప్రయత్నంలో ఒక తెలివైన పద్ధతి ఉంది. ముందు ఉపాధ్యాయులకు పాట నేర్పేవారు, ఆ ఉపాధ్యాయులు తమ బడి పిల్లలకు నేర్పేవారు. 1988లో ఆయన కన్నుమూశాక కూడా మద్రాస్ బృందం పాడుతూనే వచ్చింది.

ఈశాన్యంలో నీల్ నాంగ్‌కిన్రీ 2001లో షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్‌ను మొదలుపెట్టారు. 2010లో టీవీ పోటీలో గెలిచి ఆ బృందం దేశమంతటికీ తెలిసింది. 2022 జనవరిలో ఆయన పోయారు. ఆ బృందం ఆగలేదు.

మన తెలుగులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులున్నారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పిల్లలందరికీ దగ్గరయ్యారు. 1940లో మద్రాసులో బాలానంద సంఘాన్ని స్థాపించారు. రేడియోలో పిల్లలు విని ఊరుకునేవారు కాదు. తామే పాడారు, తామే నాటికలు వేశారు, తామే మాట్లాడారు. పెద్దలు పక్కన నిలబడి దారి చూపారు.

వీళ్లందరి పనిలో కనిపించేది ఒక్కటే. తమ గొంతును ముందుకు తెచ్చుకోలేదు, నలుగురి గొంతులను కలిపి నిలబెట్టారు. మీకు శాస్త్రీయ సంగీతం పూర్తిగా రాకపోవచ్చు. శ్రుతి తప్పితే తెలుసుకునే చెవి, పిల్లలంటే ఓపిక, మాట తప్పని అలవాటు ఉంటే చాలు, మొదలుపెట్టవచ్చు.

ఒక్కరే మోయకండి

బృందాలు ఆగిపోవడానికి పెద్ద కారణం అన్నీ ఒక్కరే చూసుకోవడం. హార్మోనియం వాయించేదీ, పిల్లలకు ఫోన్లు చేసేదీ, గది తాళం తెచ్చేదీ, పందిరి వాళ్లతో మాట్లాడేదీ ఒకే మనిషి అయితే ఆ మనిషికి జ్వరం వచ్చిన వారం సాధన ఉండదు. కాబట్టి మొదటి పాట నేర్పక ముందే ముగ్గురిని కూడగట్టండి.

మొదటివారు పాట చూసుకుంటారు. రెండోవారు పిల్లలను చూసుకుంటారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, ఎవరిని ఇంటికి ఎవరు తీసుకెళ్తారు అన్నది వారి పని. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడగల పిన్నో అత్తో అయితే మరీ మంచిది. మూడోవారు చోటు, సామాను, డబ్బు చూసుకుంటారు. ఈ ముగ్గురిలో ఎవరైనా ఇద్దరుంటే సాధన జరిగి తీరాలన్నది నియమంగా పెట్టుకోండి.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. సాధన గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఒక్క పిల్లకే విడిగా నేర్పాల్సి వస్తే తలుపు తెరిచే ఉంచండి, ఇంకొకరిని కూర్చోబెట్టండి. పిల్లల ఫోటోలు, వీడియోలు బయట పెట్టే ముందు తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోండి. చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా సైకిలు మీద ఇంటికి వెళ్లకూడదు. ఈ నియమాలు కాగితం మీద రాసి మొదటి రోజే తల్లిదండ్రులందరికీ ఇవ్వండి. నమ్మకం అలా కుదురుతుంది. నమ్మకం కుదిరిన ఇంటి నుంచి చెల్లెళ్లూ తమ్ముళ్లూ కూడా వస్తారు.

డబ్బు లెక్క కూడా అంతే. ఒక హార్మోనియం, ఒక ఢోలక్, ఫోన్‌లో తంబూరా శ్రుతి ఇంతకన్నా మొదట్లో ఏమీ అక్కర్లేదు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో ప్రతి నెలా తల్లిదండ్రుల గ్రూపులో పెట్టండి. ఇవ్వలేని ఇంటి పిల్లకు ఆ సంగతి ఎప్పటికీ తెలియనివ్వకండి.

ఊరి గడియారాన్ని బట్టి సాధన

ఉక్కు ఊళ్లో కాలం షిఫ్టుల లెక్కన నడుస్తుంది. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి ఉదయం 6. నైట్ డ్యూటీ చేసి వచ్చిన తండ్రి నిద్రపోతుంటే పిల్ల ఇంట్లో గొంతెత్తి సాధన చేయలేదు. సెకండ్ షిఫ్టు తండ్రి సాయంత్రం పిల్లను దింపలేడు. మీలో ఒకరు ప్లాంటులో పనిచేస్తుంటే మీ షిఫ్టూ మారుతుంటుంది. ఇవన్నీ తెలిసి కూడా సాధన వేళను వారానికోసారి మారిస్తే పిల్లలు చెదిరిపోతారు. వేళ ఒక్కటే పెట్టండి, దాన్ని మార్చకండి. మారాల్సింది ఆ రోజు నడిపే మనిషి. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది వరకు అనుకుంటే ఏడాది పొడవునా అదే. మే నెల ఎండలకు ఒక గంట ముందుకు జరిపితే చాలు.

ఏడాదినీ ముందే గీసుకోండి. జూన్ చివర్లో బడి తెరిచాక కొత్త పిల్లలను చేర్చుకోండి. వినాయక చవితి నుంచి దీపావళి దాకా పాడే అవకాశాలు ఎక్కువ. నవంబర్ 1 ఛత్తీస్‌గఢ్ అవతరణ దినం. తర్వాత క్రిస్మస్, సంక్రాంతి వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బోర్డు పరీక్షలు. ఆ రెండు నెలలూ పది, పన్నెండు తరగతుల వాళ్లను పిలవకండి. బృందాన్ని మూసేయకండి కూడా. ఆ ఖాళీలో చిన్న పిల్లలు ముందు వరుసలోకి వస్తారు. పెద్ద పిల్లలు లేకుండా పాడటం వాళ్లకు అలవాటవుతుంది. ఉగాదికి వాళ్ల చేత ఒక పాట పాడించండి.

తొంభై నిమిషాల సాధన ఇలా పంచుకోండి. మొదటి పది నిమిషాలు గొంతు మేల్కొలపడం: నోరు మూసి మెల్లగా హమ్మింగ్, పెదాలు బుర్రుమనిపిస్తూ స్వరాలు ఎక్కడం దిగడం, తర్వాత సరళీ వరుసలు నెమ్మదిగా. పాతిక నిమిషాలు కొత్త పాట. పదిహేను నిమిషాలు విడివిడిగా చిన్న గుంపుల్లో, పెద్ద పిల్లలు నేర్పుతూ. పది నిమిషాలు నీళ్లు, కబుర్లు. ఆ పది నిమిషాలను మింగేయకండి, స్నేహాలు అక్కడే కలుస్తాయి. మిగతా అరగంట వచ్చిన పాటలు బాగా పాడటం. చివరి పాట అందరికీ ఇష్టమైనదే అయి ఉండాలి. అలసటతో కాకుండా ఆనందంతో ఇంటికి వెళ్లాలి.

గొంతుకు తగ్గ శ్రుతి

శ్రుతి దగ్గరే చాలా బృందాలు తడబడతాయి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పెద్దలు ఒకటి శ్రుతి, ఐదు శ్రుతి అంటారు. భిలాయిలో హార్మోనియం మాస్టార్లు సఫేద్ ఏక్, కాలీ చార్ అంటారు. ఏ పేరుతో పిలిచినా సమస్య ఒక్కటే. ఆడపిల్లలకూ గొంతు మారిన అబ్బాయిలకూ హాయిగా ఉండే శ్రుతులు దూరదూరంగా ఉంటాయి. నడిపేవారు తమ శ్రుతిలో మొదలుపెట్టేస్తే సగం మంది పైస్థాయిలో అరుస్తారు, లేదా కిందిస్థాయిలో గొణుగుతారు.

దీనికి ఒక పద్ధతి చెబుతాను. పాటలో అన్నిటికన్నా కింద ఉన్న స్వరాన్నీ, అన్నిటికన్నా పైన ఉన్న స్వరాన్నీ ముందు గుర్తించండి. ఆ రెంటినీ రెండు గుంపుల చేతా విడిగా పాడించండి. ఎక్కడ గొంతు బిగుసుకుంటోందో చూసి శ్రుతిని అరమెట్టు చొప్పున పైకో కిందికో జరపండి. ఎంత జరిపినా కుదరకపోతే పాటను పంచండి. పైస్థాయిలో నడిచే చరణం అమ్మాయిలకు, కిందిస్థాయిలో నడిచేది అబ్బాయిలకు, పల్లవి అందరికీ. మొదటి ఏడాది ఒక స్థాయికి మించి సాగని పాటలే ఎంచుకోండి.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య అబ్బాయిల గొంతు మారుతుంది. స్వరతంత్రులు పొడవవుతాయి, గొంతు పగులుతుంది, చివరికి దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ నెలల్లో బృందాల నుంచి అబ్బాయిలు మాయమవుతారు. ఎవరో నవ్వుతారు, వాడు మళ్లీ రాడు. ఆ పిల్లవాడితో ముందే మాట్లాడండి. ఇది అందరికీ వచ్చేదేనని, కొన్ని నెలల్లో కుదురుకుంటుందని చెప్పండి. ఆ సమయంలో నాలుగైదు స్వరాల్లో తిరిగే వరుస ఇవ్వండి, లేదా షడ్జ పంచమాలు పట్టి నిలబెట్టే పని ఇవ్వండి, ఢోలక్ నేర్పండి. బలవంతంగా పాత శ్రుతిలో పాడించకండి. ఆ వయసు అమ్మాయిల గొంతులోనూ కొంత గాలి చేరి పలచబడుతుంది. అదీ తాత్కాలికమే.

శ్రుతి పట్టలేని పిల్లలు కూడా వస్తారు. వాళ్లను పంపేయకండి. మీరు వాయించిన స్వరాన్ని ఆ పిల్ల అందుకోలేకపోతే, ఆ పిల్ల పాడిన స్వరాన్ని మీరు అందుకోండి. మిగతా పిల్లలందరూ అక్కడికే వచ్చి పాడనివ్వండి. స్వరాలు కలిసినప్పుడు చెవికి ఎలా ఉంటుందో ఆ పిల్లకు మొదటిసారి తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక్కో స్వరం పైకి తీసుకెళ్లండి. గట్టిగా శ్రుతి పట్టే పిల్లను పక్కన కూర్చోబెట్టండి. చాలామంది కొద్ది నెలల్లో దారిలో పడతారు.

పలు వరుసల్లో పాడించాలన్న కోరిక మీకుంటే మోహన రాగంతో మొదలుపెట్టండి. హిందుస్తానీ మాస్టారు దాన్నే భూపాలీ అంటారు. స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాల్లో ఏ రెంటి మధ్యా అరమెట్టు దూరం లేదు. అందుకే ఒక గుంపు ముందుగా, రెండో గుంపు ఒక ఆవర్తం వెనకగా అదే వరుస పాడినా స్వరాలు ఒకదానితో ఒకటి ఘర్షణ పడవు. పిల్లలకు ఒక్కసారి ఆ నాదం వినిపిస్తే ఇక వదలరు. ఊపిరి విషయంలో ఒక్కటే నియమం: పక్కవాళ్లు ఊపిరి తీసుకునేటప్పుడు నువ్వు తీసుకోకు. ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటే పాట తెగకుండా సాగుతుంది.

ఏ పాటలు పాడాలి

సినిమా పాటలు పిల్లలకు ఎలాగూ వచ్చు. బృందం వల్ల వాళ్లకు కొత్తగా దక్కాల్సినవి వేరే ఉన్నాయి. మొదటగా ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ దగ్గర ఉన్న పాటలు. గొబ్బి పాటలు, అట్లతద్దె ఉయ్యాల పాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి భిలాయి దాకా వచ్చిన ఆ పాటలు క్వార్టర్లోనే ఆగిపోయే ప్రమాదముంది. ప్రతి పిల్లా ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని ఒక పాటను ఫోన్‌లో రికార్డు చేసుకు రావాలని చెప్పండి. ఆ పాటను బృందానికి తనే నేర్పాలి. ఆ నానమ్మను సాధనకు పిలవండి. నడవలేకపోతే పిల్లలే ఆమె ఇంటికి వెళ్లాలి.

రెండోది, మీరున్న నేల పాట. దీపావళి రోజుల్లో ఛత్తీస్‌గఢ్ స్త్రీలు సువా పాటలు పాడతారు. బుట్టలో ధాన్యం మీద మట్టి చిలుకను పెట్టి, దాని చుట్టూ వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడతారు. ఒక గుంపు అన్న చరణాన్ని రెండో గుంపు తిరిగి అంటుంది. మన సంక్రాంతి గొబ్బెమ్మ చుట్టూ ఆడపిల్లలు తిరిగే తీరు తెలిసినవాళ్లకు ఆ వలయం, ఆ చప్పట్లు కొత్తగా అనిపించవు. ఛత్తీస్‌గఢీ ఇంటి అమ్మాయిలను పిలిచి సువా పాట వాళ్ల చేతే నేర్పించండి. బదులుగా గొబ్బి పాట మీ పిల్లలు నేర్పాలి. రెండు పండుగల్లో రెండూ కలిపి పాడండి. పొరుగువాళ్లతో స్నేహం ఎలా చేయాలో పిల్లలకు పాఠం చెప్పనక్కర్లేదు, ఈ ఒక్క పని చేయించండి.

మూడోది, గుడి పాటనూ చర్చి పాటనూ విడదీసి చూడని మనసు. తెలుగు క్రైస్తవ కీర్తనలకు రెండు శతాబ్దాలకు దగ్గరవుతున్న చరిత్ర ఉంది. పురుషోత్తమ చౌదరి వంటి వారు రాసిన కీర్తనలకు రాగం, తాళం పేర్లు ఉంటాయి. చర్చి క్వయర్ పిల్లలకు ప్రతి వారం పాడే క్రమశిక్షణ చిన్నప్పటి నుంచే అబ్బుతుంది. భజనల్లో పెరిగిన పిల్లలకు పట్టు పట్టి వంత పాడటం బాగా వస్తుంది. ఈ ఇద్దరూ ఒకే బృందంలో ఉంటే ఒకరి బలం ఒకరికి అందుతుంది. ప్రార్థనా గీతాలు ఎవరి ఇష్టం మీద వాళ్లు పాడవచ్చు, ఎవరినీ బలవంతపెట్టకండి. అందరూ కలిసి పాడగల జానపదాలు, దేశభక్తి గీతాలు, పని పాటలు ఉమ్మడి సొత్తుగా ఉంచండి.

రాసి పెట్టండి

వేల్స్ దేశంలో బొగ్గు గనుల, ఉక్కు కొలుముల లోయల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచి కార్మికుల గాయక బృందాలు పేరు తెచ్చుకున్నాయి. వాళ్లలో చాలామందికి ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి వచ్చేది కాదు. జాన్ కర్వెన్ ప్రచారం చేసిన టానిక్ సాల్ఫా పద్ధతిలో డో రే మీలను మామూలు అక్షరాలతో రాసుకున్నారు. షిఫ్టు దిగి వచ్చిన గనికార్మికుడు కూడా ఆ అక్షరాలు చూసి నాలుగు వరుసల పాటను నేర్చుకోగలిగాడు. మనకు సరిగమలు పుట్టుకతోనే ఉన్నాయి. వాటిని వాడుకోండి.

ప్రతి పాటకూ ఒక కాగితం తయారుచేయండి. ఎడమ పక్క తెలుగు లిపిలో సాహిత్యం, కుడి పక్క దేవనాగరిలో అదే సాహిత్యం, కింద పల్లవి స్వరాలు, పైన శ్రుతి, తాళం, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నామో వారి పేరు. రెండు లిపులు ఎందుకంటే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది బడిలో హిందీ, ఇంగ్లిషు చదువుతారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. దేవనాగరితో ఒక చిక్కుంది. హిందీ రాతలో ఎ, ఏ అన్న తేడా, ఒ, ఓ అన్న తేడా కనిపించదు. చెవిని చేవి అని, కొడుకును కోడుకు అని సాగదీస్తారు, తాళంలో అక్షరం బరువు మారిపోతుంది. హ్రస్వం ఉన్న అక్షరం చుట్టూ సున్నా చుట్టి, సున్నా ఉంటే పొట్టిగా పలకాలని చెప్పండి. కళను కల అనేయకుండా ళ అక్షరం కింద గీత గీయండి. ఏడాదిలో కొందరు పిల్లలు కుడి పక్క చూడటం మానేసి ఎడమ పక్కకు వస్తారు. అదే వాళ్ల తెలుగు బడి.

బ్లాస్ట్ ఫర్నేస్ షిఫ్టు మారిందని ఆరిపోదు. దిగేవాళ్లు లాగ్‌బుక్‌లో రాసి అప్పగిస్తారు, ఎక్కేవాళ్లు చదివి అందుకుంటారు. మీ బృందానికీ అలాంటి పుస్తకం ఉండాలి. ప్రతి సాధన తర్వాత నాలుగు వాక్యాలు చాలు: ఎవరు వచ్చారు, ఏ పాట ఎంతవరకు వచ్చింది, ఎక్కడ తడబడ్డారు, వచ్చే వారం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆ పుస్తకాన్ని పిల్లలే వంతులవారీగా రాయాలి. మీకు అకస్మాత్తుగా డ్యూటీ పడితే ఇంకొకరు ఆ పుస్తకం తెరిచి సాధన నడిపిస్తారు. దానితో పాటు ప్రతి పాటనూ ప్రతి వరుసనూ విడిగా రికార్డు చేసి గ్రూపులో ఉంచండి.

వంత నుంచి నాయకత్వం దాకా

భిలాయి పక్కనే గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి, పాండవుల కథలు పాడి చెప్పే పండవానీని ప్రపంచానికి వినిపించారు. భిలాయి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పండవానీలో ఒకరు కథ చెబుతుంటే పక్కన రాగీ అనే వంతగాడు ఉంటాడు. ఊ కొడతాడు, మధ్యలో ప్రశ్న అడుగుతాడు, పల్లవి అందుకుంటాడు. మన బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఉండే వంతలు చేసేదీ అదే. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ చెప్పినా వంతలు లేకుండా ఆ కథ నడిచేది కాదు. ఈ పద్ధతిలో నాయకత్వం నేర్పే పాఠశాల దాగి ఉంది. వంత పాడేవాడు ప్రతి మాటా వింటాడు, ఎప్పుడు అందుకోవాలో తెలుసుకుంటాడు. తర్వాత తనే కథ చెప్పగలుగుతాడు.

మీ బృందంలో దీన్ని ఇలా అమలుచేయండి. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ రెండేళ్లు పెద్దయిన ఒకరిని జంటగా కలపండి. మొదటి మూడు నెలలు ఆ జంట పక్కనే కూర్చుని పాడాలి. తర్వాత పాట ఎత్తుకునే పని వారానికొకరికి ఇవ్వండి. శ్రుతి చూసుకుని, తాళం వేసి, అందరినీ ఒకేసారి అందుకునేలా సైగ చేయడం ఆ ఒక్కరి బాధ్యత. పాట తప్పినా మధ్యలో అడ్డుకోకండి. అయ్యాక ఏం జరిగిందో ఆ పిల్లనే చెప్పమనండి. పదో తరగతి దాటిన పిల్లల్లో ఒకరికి ఏడాదికి ఒక పాట పూర్తిగా అప్పగించండి. ఎంచుకోవడం, నేర్పడం, వేదిక మీద నడిపించడం అన్నీ వాళ్లవే. మీరు వెనక వరుసలో కూర్చోండి.

ఊరు వదిలి వెళ్లేవాళ్లకు సాగనంపే రోజు ఒకటి పెట్టండి. ఆ రోజు వాళ్లు తాము నేర్పిన పాటను ఎవరికి అప్పగిస్తున్నారో అందరి ముందూ చెప్పాలి. పాట కాగితం ఇద్దరి చేతుల మీదుగా మారాలి. విశాఖలో చదువుతున్న అమ్మాయి సెలవులకు రైల్లో వచ్చినప్పుడు ఒక సాధనకు రావాలని అడగండి. దూరమైన పిల్లలతో ఏడాదికి రెండుసార్లు ఫోన్‌లో కలిసి మాట్లాడండి. వెళ్లినవాళ్లు అక్కడ కాలేజీలో నలుగురిని పోగేసి అదే గొబ్బి పాట నేర్పితే మీ బృందం ఇంకో ఊళ్లో మొలకెత్తినట్టే.

వేదిక మీద

పందిరి వాళ్లు పిలిచినప్పుడు మూడు సంగతులు ముందే మాట్లాడుకోండి: ఎన్ని పాటలు, ఎన్ని గంటలకు, పిల్లలు ఎన్నింటికి ఇల్లు చేరాలి. రాత్రి తొమ్మిది దాటాక చిన్నపిల్లలు వేదిక మీద ఉండకూడదంటే ఉండకూడదు. మైకును గట్టిగా పాడే పిల్ల నోటి దగ్గర పెడితే బృందం వినిపించదు, ఒక్క గొంతే వినిపిస్తుంది. ఇరవైమందికి రెండు మైకులు చాలు. మూడు నాలుగు అడుగుల దూరంలో, ఇరుపక్కలా పెట్టించండి. గట్టి గొంతులను వెనక వరుసలో, మెత్తని గొంతులను ముందు వరుసలో నిలబెట్టండి. ఐదు పాటలు అరకొరగా పాడేకన్నా రెండు పాటలు నిండుగా పాడటం మేలు.

పోటీలకు వెళ్లినా బహుమతిని సాధనకు గురిగా పెట్టకండి. గెలుపు కోసం నలుగురు గట్టి పిల్లలనే తీసుకెళ్లి మిగతావాళ్లను ఇంట్లో ఉంచిన రోజున అది బృందం కాకుండా పోతుంది. అందరూ వెళ్లలేని చోటుకు ఎవరూ వెళ్లనక్కర్లేదు.

ఈ నెలలో చేయవలసినవి

మొదటి వారం: పాట, పిల్లలు, సామాను చూసుకునే ముగ్గురిని నిర్ణయించండి. సాధన రోజు, వేళ, చోటు రాసి తల్లిదండ్రులకు భద్రతా నియమాలతో సహా ఇవ్వండి.

రెండో వారం: పరీక్షలేవీ పెట్టకుండా వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకోండి. ప్రతి ఒక్కరూ హాయిగా పాడగల కింది స్వరం, పై స్వరం రాసుకోండి. ఆరు నెలలకొకసారి ఆ లెక్కను మళ్లీ చూసుకోండి.

మూడో వారం: ఒక గొబ్బి పాట, ఒక సువా పాట, మోహనంలో ఒక చిన్న వరుస మొదలుపెట్టండి. రెండు లిపుల కాగితాలు తయారుచేయండి. లాగ్‌బుక్ తెరవండి.

నాలుగో వారం: జంటలు కలపండి. ఆ ఆదివారం సాధనను మీరు నడపకండి. మీతో ఉన్న రెండోవారినీ ఇద్దరు పెద్ద పిల్లలనూ నడపమనండి. అయ్యాక వాళ్లతో కూర్చుని ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడండి. ప్రతి నెలా ఒక ఆదివారం ఇలాగే వదిలేయండి.

పిల్లలు పెద్దవాళ్లవుతారు, ఊళ్లు మారతారు, కొలువుల్లో పడతారు. పదిమందిలో తన గొంతును తగ్గించి పక్కవాళ్లను వినడం, తప్పితే మళ్లీ అందుకోవడం, తనకు వచ్చింది ఇంకొకరికి ఇవ్వడం ఈ మూడూ బృందగానంలో నేర్చుకున్న మనిషి ఏ పనిలో ఉన్నా పనికొస్తాడు. అది నేర్పగలిగే అవకాశం మీ చేతిలో ఉంది. పిల్లలు కావాల్సినంతమంది ఉన్నారు, పాటలు పెద్దవాళ్ల దగ్గర ఉన్నాయి, చోటు మీ సెక్టార్‌లోనే ఉంది. వచ్చే ఆదివారం మొదలుపెట్టండి.